కంప్యూటరు ఓడకు జబ్బు చేస్తే...

సముద్రం మీద నిజం ఓడ నడపాలంటే ఏళ్ళ తరబడి చదవాలి. కంప్యూటరులో ఓడ నడపాలంటే ఓ కుర్చీ, ఓ కీబోర్డు చాలు. నెదర్లాండ్స్ దేశంలో రాటర్‌డామ్ అనే పెద్ద రేవుపట్నం ఉంది. ఆ ఊరి సంస్థ విస్టెప్ 2006లో 'షిప్ సిమ్యులేటర్' అనే ఆటను విడుదల చేసింది. 2010లో అదే వరసలో 'షిప్ సిమ్యులేటర్ ఎక్స్‌ట్రీమ్స్' వచ్చింది. ఓడను రేవులోంచి జాగ్రత్తగా బయటికి తియ్యడం, గాలికీ కెరటాలకీ తట్టుకుని నడపడం, గట్టుకు గుద్దుకోకుండా తెచ్చి కట్టడం - ఈ రకం ఆటల్లో ముఖ్యమైన పని ఇదే.

అయితే ఇలాంటి ఆటల్లో ఒక్కొక్కప్పుడు తమాషాలు జరుగుతుంటాయి. దూరాన ఉన్న ఓడ మీది తెల్లచార ఒక క్షణం కనిపిస్తుంది, మరుక్షణం మాయమవుతుంది. తీరం మీది రోడ్డు, పక్కనున్న నీళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు మిణుకు మిణుకుమంటాయి. తాళ్ళ మీద చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. ఓడ స్తంభం మధ్యకు విరిగి, పై ముక్క ఒకచోట, కింది ముక్క ఒకచోట కనబడుతుంది.

"గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది కొనాలి" అనేస్తారు చాలామంది. కార్డంటే వేల రూపాయల మాట! ఒళ్ళు వెచ్చబడగానే ఆపరేషన్ చెయ్యమనే డాక్టరు ఉంటాడా? ముందు నాడి చూస్తాడు, నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. మనమూ అలాగే చేద్దాం.

మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: తప్పు బొమ్మలో ఉందా, బొమ్మను చూపించడంలో ఉందా?

దీన్ని తేల్చడానికి చక్కని కిటుకు ఉంది. తెర మీద తప్పు కనిపిస్తున్నప్పుడే ప్రింట్ స్క్రీన్ మీట నొక్కి ఆ బొమ్మకు నకలు తియ్యండి. వెంటవెంటనే నాలుగైదు నకళ్ళు తీస్తే మరీ మంచిది. వాటిని వేరే కంప్యూటరు మీద తెరిచి చూడండి. నకల్లో కూడా తప్పు ఉంటే, కంప్యూటరు బొమ్మ గియ్యడంలోనే పొరపడిందన్నమాట. నకలు శుభ్రంగా ఉంటే బొమ్మ మంచిదే. దాన్ని తెరకు చేర్చే కేబులులోనో, తెరలోనో, ఆ చేర్చే వేళలోనో లోపం ఉందన్నమాట.

రెండో ప్రశ్న: ఈ ఒక్క ఆటలోనేనా, అన్ని ఆటల్లోనూనా?

ఒక్క ఆటలోనే అయితే ఆట మీదే ఎక్కువ అనుమానం. అన్నింట్లోనూ అయితే కార్డు మీద, కార్డుకూ కంప్యూటరుకూ మధ్య దుబాసీ పని చేసే డ్రైవర్ అనే ప్రోగ్రాము మీద అనుమానం.

మూడో ప్రశ్న: ఎప్పుడు వస్తోంది? దూరపు వస్తువులకేనా? వేగంగా పక్కకు తిరిగినప్పుడేనా? గంటసేపు ఆడి, పెట్టె వేడెక్కాకేనా?

ఈ మూడింటికీ జవాబులు కాగితం మీద రాసుకుంటే సగం వైద్యం అయినట్టే. ఇప్పుడు అన్నింటికన్నా ఆసక్తికరమైన జబ్బును పరీక్షిద్దాం. దూరపు వస్తువులే మిణుకుమంటాయి. నకల్లో కూడా తప్పు కనిపిస్తుంది. మిగతా ఆటలు బాగానే ఉంటాయి. ఎందుకు?

చుక్క చుక్కకూ ఒక చిట్టా

మన తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉన్నాయనుకోండి. హెచ్చవేస్తే 20,73,600 చుక్కలు! కార్డు వీటన్నింటికీ సెకనుకు 60 సార్లు రంగు వెయ్యగలదు. ఓడ, కెరటాలు, రేవు, కొండలు అన్నీ దానికి చిన్న చిన్న త్రిభుజాల గుట్టలే. ఒక్కో త్రిభుజాన్నీ తీసుకుని, అది పడే చుక్కలకు రంగు వేస్తూ పోతుంది.

ఇక్కడో చిక్కుంది. ఒకే చుక్క మీద ఓడా పడుతుంది, ఓడ వెనకున్న కొండా పడుతుంది. కనిపించాల్సింది ఏది? దగ్గరున్నది. ఆ సంగతి కార్డుకు తెలిసేదెలా?

అందుకని ప్రతి చుక్కకూ రంగుతోపాటు ఒక అంకె కూడా రాసి పెట్టుకుంటుంది - ఇక్కడ కనిపిస్తున్న వస్తువు ఎంత దూరంలో ఉందో తెలిపే అంకె. కొత్త త్రిభుజం వచ్చినప్పుడు దాని అంకెనూ, పాత అంకెనూ పోల్చి చూస్తుంది. కొత్తది దగ్గరదైతే పాత రంగును చెరిపి కొత్తది వేస్తుంది. దూరమైనదైతే ఊరుకుంటుంది. ఇంజినీర్లు ఈ అంకెల పట్టికను డెప్త్ బఫర్ అంటారు. మనం 'దూరాల చిట్టా' అందాం. అమెరికాలో ఎడ్విన్ కాట్మల్ 1974లో యూటా విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఈ పద్ధతిని వివరించారు. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ స్ట్రాసర్ అనే ఆయన కూడా అదే సంవత్సరం ఇదే ఆలోచన చేశారు.

ఆలోచన బ్రహ్మాండమైనదే. జబ్బంతా ఆ అంకెలను పంచే తీరులో ఉంది.

దూరపు కొండలు నునుపు!

చిట్టాలో రాసేది నేరుగా దూరం కాదు. దూరం యొక్క వ్యుత్క్రమం మీద ఆధారపడిన అంకె. వ్యుత్క్రమం అంటే తెలుసు కదా? 2కు వ్యుత్క్రమం 1/2, 10కి 1/10.

ఈ తిరకాసు ఎందుకు? రైలు పట్టాల మధ్య నిలబడి దూరానికి చూడండి - ఊహలోనే సుమా, నిజంగా నిలబడవద్దు! కాళ్ళ దగ్గరి స్లీపర్లు ఎడం ఎడంగా కనిపిస్తాయి. దూరం పోయేకొద్దీ దగ్గర దగ్గరగా జరిగి చివరికి ముద్దయిపోతాయి. అంటే మన కంటికి దూరం సమానమైన మెట్లుగా కనిపించదు. తెర మీదా అంతే. చదునైన నేలను తెర మీద గీసినప్పుడు చుక్క నుంచి చుక్కకు సమంగా మారేది దూరం కాదు, దాని వ్యుత్క్రమం. అంచేత వ్యుత్క్రమంతో లెక్క చేస్తే కార్డుకు పని సులువు.

పని సులువే గాని, ఫలితం చూడండి. మన చిట్టాలో 0 నుంచి 999 వరకు వెయ్యి అంకెలే ఉన్నాయనుకుందాం. ఓడ నడిపే గదిలో కెప్టెన్ కంటికి 1 మీటరు కన్నా దగ్గరున్నవేవీ గియ్యనక్కర్లేదని నిర్ణయించాం. ఈ 1 మీటరును 'దగ్గరి హద్దు' అందాం. అప్పుడు లెక్క ఇది:

అంకె = 1000 × (1 − దగ్గరి హద్దు ÷ దూరం)

దశాంశాలు వస్తే చిట్టాలో వాటికి చోటు లేదు, కొట్టెయ్యాలి. ఇప్పుడు పట్టిక చూడండి.

1 మీటరు దూరానికి - 0
2 మీటర్లకు - 500
10 మీటర్లకు - 900
100 మీటర్లకు - 990
500 మీటర్లకు - 998
1000 మీటర్లకు - 999

చూశారా అన్యాయం! మొదటి మీటరులోనే సగం అంకెలు ఖర్చయిపోయాయి. 10 మీటర్లు దాటేసరికి మిగిలింది వంద. 500 మీటర్ల నుంచి కిలోమీటరు దాకా ఉన్న సముద్రమంతటికీ దక్కింది ఒకే ఒక్క అంకె, 998. పెళ్ళి భోజనంలో మొదటి బంతివాళ్ళే సగం బూరెలు తినేస్తే చివరి బంతికి గిన్నె గీకినట్టు!

500 మీటర్ల దగ్గర ఒక పడవ, దాని వెనక 900 మీటర్ల దగ్గర ఒక దీవి ఉన్నాయనుకోండి. పడవ అంకె 998. దీవికి లెక్క వేస్తే 998.88 వస్తుంది, దశాంశాలు కొట్టేస్తే అదీ 998. ఏది దగ్గరో కార్డుకు తెలియదు. "దూరపు కొండలు నునుపు" అన్నట్టు దానికి రెండూ ఒకటే. కొన్ని చుక్కల్లో పడవ గెలుస్తుంది, కొన్నింట్లో దీవి. కెరటాల మీద మన ఓడ ఊగుతూ ఉంటుంది గనక, లెక్కలు క్షణక్షణం కాస్త కాస్త మారతాయి, గెలిచేదీ మారిపోతుంది. అదే మనకు కనిపించే మిణుకు. ఇంజినీర్లు దీనికి సరదాగా జెడ్ ఫైటింగ్ అని పేరు పెట్టారు. అంటే దూరాల కొట్లాట.

నిజం కార్డులో ఎంత?

నిజం చిట్టాలో వెయ్యి అంకెలు కాదు, ఇంకా చాలా ఉంటాయి. ఎక్కువగా వాడేది 24 బిట్ల చిట్టా. బిట్ అంటే 0 గాని 1 గాని పట్టే గడి. 24 గడులుంటే రెండును 24 సార్లు హెచ్చవేసినన్ని, అంటే 1,67,77,216 అంకెలు.

ఇన్ని ఉన్నా చాలవా? ఎంత ఎడముంటే రెండు వస్తువులను కార్డు విడదీయగలదో చెప్పే సూత్రం సుమారుగా ఇది:

ఎడం = దూరం × దూరం ÷ (దగ్గరి హద్దు × మొత్తం అంకెలు)

దగ్గరి హద్దు 1 మీటరు అయితే కిలోమీటరు దూరాన ఈ ఎడం సుమారు 6 సెంటీమీటర్లు. ఫరవాలేదు. 10 కిలోమీటర్ల దూరాన? దూరం 10 రెట్లయింది గనక ఎడం 100 రెట్లవుతుంది - 6 మీటర్లు! ఓడ పక్కగోడకు అంగుళం ఎడంగా అతికించిన తెల్లచారకు ఇక దిక్కేముంది?

గదుల్లో తిరిగే ఆటలకు ఈ బాధ అంతగా ఉండదు. వాటిలో అన్నీ పాతిక ముప్ఫై మీటర్లలోపే. ఓడ ఆటకు అలా కుదరదు. మీటరు దూరంలో కిటికీ చట్రం, 20 కిలోమీటర్ల దూరంలో దీపస్తంభం, రెండూ ఒకే బొమ్మలో ఉండాలి. అందుకే ఈ జబ్బు ఓడ ఆటలకూ, విమానం ఆటలకూ ఎక్కువ.

మందు ఏమిటి?

దూరపు వస్తువులు మిణుకుమంటున్నాయి గనక, ఎంత దూరం వరకు గియ్యాలో ఆ 'దూరపు హద్దు'ను తగ్గిస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. 20 కిలోమీటర్లను 15 చేశారనుకోండి. ఏమీ లాభం ఉండదు! పట్టికను మళ్ళీ చూడండి. దూరానికి దక్కిందే గుప్పెడు అంకెలు. అందులో చివరి ముక్క మిగిల్చినా ఒరిగేదేమిటి?

మందు రెండో చివర ఉంది. దగ్గరి హద్దును 1 మీటరు నుంచి 10 మీటర్లకు జరపండి. మన వెయ్యి అంకెల చిట్టాలో పడవకు 980, దీవికి 988 వస్తాయి. కొట్లాట సద్దుమణిగింది! దూరపు జబ్బుకు దగ్గర మందు.

కాని ఊరికే ఏదీ రాదు. 10 మీటర్లకన్నా దగ్గరున్నవేవీ ఇప్పుడు కనిపించవు. ఓడ గది కిటికీ, చుక్కాని, కమ్మీలు అన్నీ కోసేసినట్టు మాయమవుతాయి. అందుకని ఆట తయారు చేసేవాళ్ళు తెలివిగా బొమ్మను రెండు విడతలుగా గీస్తారు. ముందు దూరపు ప్రపంచాన్ని ఒక హద్దుతో గీస్తారు. తరవాత చిట్టాను తుడిచేసి, దగ్గరి ఓడను వేరే హద్దుతో దాని మీద గీస్తారు. ఇప్పటి ఆటల్లో మరో పద్ధతి కూడా ఉంది. దశాంశ బిందువు జరుపుకోగల అంకెలు 0కు దగ్గరలో చాలా చిక్కగా ఉంటాయి. చిట్టాను తిరగేసి దూరానికి 0, దగ్గరకు 1 ఇస్తే, దూరపు వస్తువులకు కావలసినన్ని అంకెలు దొరుకుతాయి.

మరి ఆడేవాళ్ళు ఏం చెయ్యాలి? ఆటకు సవరించిన కూర్పు వచ్చిందేమో చూసి పెట్టుకోవాలి. డ్రైవర్ కూడా కొత్తది పెట్టి చూడాలి. పాత ఆటల్లో 16 బిట్లా, 32 బిట్లా అని అడిగితే 32 ఎంచుకోవాలి; చాలా ఆటల్లో దాంతోపాటు చిట్టా కూడా పెద్దదవుతుంది. 16 బిట్ల చిట్టాలో అంకెలు 65,536 మాత్రమే. 24 బిట్లకు వెళ్తే 256 రెట్లు నయం. కొత్త కార్డు కొన్నంత మాత్రాన ఈ జబ్బు పోదు. ఆట అదే 24 బిట్ల చిట్టాను, అదే దగ్గరి హద్దును అడుగుతున్నంత కాలం ఎంత ఖరీదైన కార్డయినా అదే లెక్క చేస్తుంది, అదే జవాబు చెబుతుంది.

మరికొన్ని జబ్బులు, క్లుప్తంగా

ఓడ వణుకు: రేవులో బాగానే ఉంటుంది. నడిసముద్రానికి పోయేకొద్దీ ఓడ, తాళ్ళు సన్నగా వణుకుతాయి. కారణం: ఆట సాధారణంగా వాడే 32 బిట్ల దశాంశ సంఖ్యల్లో సుమారు ఏడు అంకెలే నమ్మదగినవి. కొలత మొదలుపెట్టిన చోటు నుంచి 100 కిలోమీటర్లు పోతే స్థానాన్ని సుమారు 8 మిల్లీమీటర్ల మెట్లలో మాత్రమే చెప్పగలం. 1000 కిలోమీటర్లు పోతే మెట్టు 6 సెంటీమీటర్లు దాటుతుంది. మందు ఆట రాసేవాళ్ళ చేతుల్లో ఉంది: కొలత మొదలయ్యే చోటును ఎప్పటికప్పుడు ఓడ దగ్గరికే జరపడం. అంటే ఓడ కదలదు, ప్రపంచమే వెనక్కి పోతుంది!

పాకే తాళ్ళు: దూరపు తాడు ఒక చుక్క వెడల్పు కూడా ఉండదు. చుక్క మధ్యలో తాడు పడితే కనిపిస్తుంది, తప్పితే మాయం. మందు: ఆట అమరికల్లో యాంటీ ఎలియాసింగ్ అనేదాన్ని పెంచండి. అప్పుడు కార్డు ఒక్కో చుక్కలో ఒకచోట కాక నాలుగుచోట్లో ఎనిమిదిచోట్లో చూసి, సగటు రంగు వేస్తుంది.

విరిగిన స్తంభం: పక్కకు తిరిగినప్పుడే వస్తుంది, నకల్లో సాధారణంగా కనబడదు. తెర సగం పాత బొమ్మను చూపిస్తుండగానే కార్డు కొత్త బొమ్మను అందించింది. 60 సార్లు మారే తెరకు ఒక్కో బొమ్మకు సెకనులో అరవయ్యో వంతే వ్యవధి. ఇద్దరికీ తాళం తప్పింది. మందు: వి సింక్ అనే అమరికను పెట్టండి.

రంగు రంగుల చుక్కలు, గళ్ళు: అన్ని ఆటల్లోనూ, పెట్టె వేడెక్కాక వస్తాయి. ఇది ఒక్కటే కార్డును గట్టిగా అనుమానించాల్సిన జబ్బు. కరెంటు తీసేసి, ప్లగ్గు పీకి, పెద్దవాళ్ళ సాయంతో పంకాకు పట్టిన దుమ్ము దులపండి. అప్పటికీ తగ్గకపోతే తెలిసినవాళ్ళకు చూపించండి.

వైద్యం చేసేటప్పుడు ఒక నియమం మరవకండి: ఒకసారికి ఒకటే మార్చాలి. డ్రైవర్ మార్చి, అమరికలు మార్చి, దుమ్ము దులిపి, అన్నీ ఒకేసారి చేశాక జబ్బు తగ్గిందనుకోండి. దేనివల్ల తగ్గింది? తెలియదు. మళ్ళీ వస్తే కథ మొదటికి! ప్రయోగశాలలో మీరు పాటించే నియమమే ఇది.

ఇదంతా ఆటేనా?

కాదు. ఓడ నడిపేవారి శిక్షణను నిర్ణయించే ఎస్.టి.సి.డబ్ల్యు. అనే అంతర్జాతీయ ఒప్పందం 1978లో కుదిరింది. రాడార్ వాడకాన్ని సిమ్యులేటర్ మీద నేర్పడాన్ని 1995 సవరణలు తప్పనిసరి చేశాయి. ఓడ గదినీ కిటికీల బయటి సముద్రాన్నీ చూపే సిమ్యులేటర్లు కూడా నౌకా విద్యాలయాల్లో ఉన్నాయి. ఆట తయారు చేసిన విస్టెప్ సంస్థే 'నాటిస్' అనే శిక్షణ సిమ్యులేటర్లు కూడా చేస్తుంది.

రాత్రి సముద్రంలో నావికుడికి దీపాలే భాష. ప్రయాణించే ఓడ తన స్తంభం మీద వెలిగించే తెల్లదీపం నిలకడగా ఉండాలి. 50 మీటర్లూ అంతకు మించిన ఓడకైతే ఆ దీపం 6 నాటికల్ మైళ్ళ దూరం, అంటే సుమారు 11 కిలోమీటర్లు కనిపించాలని నియమం. దీపస్తంభాలదీ, దారి చూపే తేలుడు గుర్తుల్లో చాలావాటిదీ మరో తీరు. అవి వెలిగి ఆరుతూ ఉంటాయి. ఏది ఎన్ని క్షణాలకోసారి వెలుగుతుందో చూసి నావికుడు దాన్ని పోలుస్తాడు.

ఇప్పుడు మన సూత్రంలో 11 కిలోమీటర్లు వేసి చూడండి. దగ్గరి హద్దు 1 మీటరు అయితే ఎడం 7 మీటర్లు దాటుతుంది. స్తంభానికి జానెడు ముందున్న దీపం, స్తంభం - రెండూ ఒకే అంకె! దీపం, స్తంభం కొట్లాడుకుంటే నిలకడగా ఉండాల్సిన వెలుగు మిణుకుమంటుంది. నేర్చుకునే కుర్రవాడు ఎదురొచ్చే ఓడను చూసి తేలుడు గుర్తు అనుకోవచ్చు. ఆటలో అయితే నవ్వుకుని వదిలేస్తాం. శిక్షణలో ఆ పొరపాటు కంటికి అలవాటైపోతే నవ్వే సంగతి కాదు. అందుకే సిమ్యులేటర్ చేసే ఇంజినీర్లు మిణుకు మిణుకుమనే ఒక్క చుక్క వెనక కూడా పడతారు. వాళ్ళ చేతిలో ఉన్నది ఎనిమిదో తరగతిలో మీరు చదివిన విలోమానుపాతమే.

మీరే చేసి చూడండి

1. వెయ్యి అంకెల చిట్టాలో దగ్గరి హద్దు 2 మీటర్లు. 400, 500 మీటర్ల దూరాలకు ఏ అంకెలు వస్తాయి?

2. 24 బిట్ల చిట్టాలో దగ్గరి హద్దును 10 సెంటీమీటర్లు చేస్తే, 10 కిలోమీటర్ల దూరాన ఎడం ఎంత?

3. గ్రాఫు కాగితం మీద స్కేలుతో ఏటవాలుగా ఒక సన్నని పట్టీ గియ్యండి. ఏ గడి మధ్య బిందువు పట్టీలో పడితే ఆ గడినే నల్లగా నింపండి. తరవాత అదే పట్టీని అర గడి పక్కకు జరిపి, వేరే కాగితం మీద మళ్ళీ చెయ్యండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తాళ్ళు ఎందుకు పాకుతాయో బోధపడుతుంది.

జవాబులు: 1. 995, 996. 2. సుమారు 60 మీటర్లు.